నాలుగు హద్దుల షెడ్యూలు బాబు

అగో, మళ్ల బ్లూ టిక్కులు పడ్డయి, మళ్ల సప్పుడు లేదు! మేడమ్, ఇంటుండ్రా లేదా? నేను వాయిస్ మీద వాయిస్ పెడుతున్న. మీరేమో "బాబు ఎక్కడ ఉన్నాడు" అని ఒక్క ముక్క టైపు చేస్తరు, గంతే. చెప్తా మేడమ్. చెప్పకుండ యాడికి పోత? కానీ మొదటి సంది చెప్తెనే గదా మీకు సమజయ్యేది.

ఆటోల ఉన్న. జర గాలి సప్పుడు వస్తది, ఏమనుకోకుండ్రి.

ముందుగాల నా కోపం ఇనుండ్రి. నోటీసు పంపిండ్రు, మంచిదే, మేం వద్దన్నమా? గాని ఎసొంటి టైముల పంపిండ్రు మేడమ్! పొద్దుగాల ప్లాట్లు చూడనీకె వనస్థలిపురం పార్టీ వచ్చి హాల్ల కూసోని చాయ్ తాగుతున్నరు. మా ఆయన చెయ్యి గుండె మీద పెట్టుకొని చెప్తుండు, "మా దాంట్ల లిటిగేషన్ అన్న మాటనే లేదు సార్, క్లియర్ టైటిల్" అని. సరిగ్గ అప్పుడే మీ ఆఫీసాయన గేటు కాడ నిలవడి ఒర్రుతుండు, "ప్రణీత్, తండ్రి వెంకటేశ్వర్లు! కోర్టు నుంచి!" పార్టీ చాయ్ కప్పులు గట్లనే పెట్టి లేసి పోయిండ్రు. బిస్కెట్లు గుడ ముట్టలే!

ఏందీ? "మీరు ఎవరు" అని కొట్టిండ్రా? అయ్యో, అదే చెప్పలేదా! అరుణమ్మను మేడమ్. కర్మన్‌ఘాట్ వెంకటేశ్వర్లు భార్యను. ప్రణీత్ వాళ్ల అమ్మను. మీరు కోర్టుల లీగల్ ఎయిడ్ మేడమ్ గదా, నోటీసుల మీ నంబరుంటే ఫోన్ల ఎక్కించుకున్న. "అమల మేడమ్ లీగల్" అని రాసుకున్న. నిన్న పొద్దుగూకే యాళ్లకు మీరు మా ఆయనకు ఫోన్ జేస్తే స్పీకర్ల ఇన్నది గుడ నేనే. ఎనుక కుక్కర్ ఈలేసింది చూడుండ్రి, గది నాదే.

మీకు రూబీ చెప్పే ఉంటది. మా పిల్లగాడు, ఆ పిల్ల, ఇద్దరు దిల్‌సుఖ్‌నగర్ల ఒక్కటే కోచింగ్‌కు పోయిండ్రు. ఆ పిల్లకు నర్సింగ్ సీటొచ్చింది. మావోనికి ర్యాంకు రాలే, కొడుకొచ్చిండు.

నవ్వకుండ్రి మేడమ్. అప్పుడు మేం ఎంత పరేషాన్ అయినమో మాకెరుక.

ఇద్దరికీ పంతొమ్మిది దాటినయి. మీరు ఫోన్ల మొట్టమొదలు అడిగింది గదే గదా, అమ్మాయికి పద్దెనిమిది ఎప్పుడు నిండినయి అని? అవి నిండినంకనే మేడమ్ అన్నీ. అందుకే పోలీసుల దాంక పోలే. లేకుంటే ఈ పాటికి మావోడు యాడుండునో, నేను యాడుందునో!

సరే, కడుపైంది, పెండ్లి చేద్దామనుకున్నం. రూబీ వాళ్ల చర్చి కాడికి పోతే పాస్టర్ గారు "పిల్లగానికి ఇరవై ఒకటి నిండాలమ్మా, ముందే చేపిస్తే నన్ను లోపలేస్తరు" అన్నడు. గుడికాడ అయ్యగారి దగ్గరికి పోతే ఆయన మంత్రం సంగతి దేవుడెరుగు, ఆధార్ కార్డు అడిగిండు. ఇద్దరు దేవుళ్లు ఒక్కటే మాట మీదున్నరు మేడమ్! పిల్లకు పద్దెనిమిది చాలంట, పిల్లగానికి ఇరవై ఒకటంట. అంటే ఏందన్నట్టు? మావోడు తండ్రి కావొచ్చు, మొగుడు కావద్దు. గీ చట్టం ఎవలు రాసిండ్రో గాని, వాళ్లింట్ల పిల్లలు లేరనుకుంట.

మా ఆయన ఏమన్నడో తెలుసా? "ఇంకెంత, రెండేండ్లు గుడ లేదు. అప్పటిదాంక హోల్డ్‌ల పెడదాం" అన్నడు.

మత్తయి, అదే రూబీ వాళ్ల నాయిన, మన్సూరాబాద్‌ల ఆటో నడుపుతడు. గుమ్మం కాడనే నిలవడి ఉన్నడు, ఎంత చెప్పినా కుర్చీల కూసోలే. మెల్లగ అన్నడు, "కడుపు హోల్డ్‌ల ఉంటదా పటేలా?"

ఉండలే మేడమ్. ఉండలే.

బాబు పుట్టిండు. దవాఖానకు నేనొక్కదాన్నే పోయిన, ఇంట్ల కూరగాయలకని చెప్పి. గుడ్డల మూట ఇప్పి చూస్తే ఏముంది! మా ఆయన చెవులు. అచ్చం గవే. గింత మనిషికి గంత చెవులు! ఎవలకు చెప్పి దాచిపెడతరు మేడమ్ గసొంటి చెవులను? ఫొటో తీసి ఇంటికొచ్చి చూపిస్తే, అప్పటిదాంక "ఎవని పిల్లనో" అన్న మనిషి, అద్దం ముంగట నిలవడి తన చెవులు పట్టుకొని చూసుకున్నడు. ఆ పూట అన్నం తినలే.

ఇగ మరునాటి సంది ఒక్కటే పాట. "బాబు మనోడు. మనింట్లనే ఉండాలె. కాగితం రాపిద్దాం."

మా ఇంట్ల అన్నిటికీ కాగితమే మేడమ్. మా మామ కాలంల మా జాగలన్నీ మెట్ట చెల్కలు, ఇప్పుడు కాలనీలు. నలుగురన్నదమ్ములు, నాలుగు దిక్కుల కోర్టు కేసులు. నోటిమాట మీద మా ఆయనకు నమ్మకం లేదు. మా ఆడబిడ్డ పెండ్లిల మటన్ వండేటాయనతోని గుడ స్టాంపు పేపర్ మీద రాపిచ్చుకున్నడు, బొక్కలెన్ని, మెత్తవెన్ని అని!

మీ కోర్టు గోడ పొంటి టేబుల్ ఏసుకొని సాంబమూర్తి అని ఒకాయన కూసుంటడు, చూసే ఉంటరు. భీమవరం దిక్కు మనిషి. మా ప్లాట్ల కాగితాలన్నీ ఆయనే టైపు చేస్తడు. మా ఆయన పోయి, "సాంబమూర్తీ, మా మనవడు మా స్వాధీనంల ఉంటడని గట్టిగ రాయి" అన్నడు. నన్ను ఎంట తోల్కపోయిండు. ఎందుకనుకున్నరు? సాక్షి సంతకానికి.

ఆయన టకటక టకటక కొట్టి చదివిండు. మేడమ్, ఆ కాగితం ఫొటో చూసి మీరు నవ్విండ్రంట గదా? రూబీ చెప్పింది. అయినా మల్ల చెప్త, ఇనుండ్రి, నాకు నోటికొచ్చింది.

"షెడ్యూలు. ఒక మగ శిశువు. విస్తీర్ణము మూడు కిలోల చిల్లర. ఇకమీదట షెడ్యూలు బాబు అని పిలవబడును. హద్దులు. తూర్పు, ముప్పై ఫీట్ల రోడ్డు. పడమర, వెంకటేశ్వర్లు గారి సొంత ఇల్లు. ఉత్తరం, సీతారాములు గారి ఖాళీ ప్లాటు. దక్షిణం, నీళ్ల ట్యాంకు. సదరు షెడ్యూలు బాబు ఎట్టి తాకట్టులో గాని జప్తులో గాని లేడు. నేటి నుండి వెంకటేశ్వర్లు గారు పుత్రపౌత్ర పారంపర్యముగా అనుభవించుకొనవచ్చును."

నేనన్న, "ఏందయ్యా సాంబమూర్తీ, బాబుకు హద్దులేంది?"

ఆయన కండ్లద్దాలు తీసి తుడుసుకుంట, "ఏం చెయ్యమంటారమ్మా? హద్దులు ఖాళీగా వదిలేస్తే కంప్యూటర్ కిందకి దిగట్లేదండి. పోనీ పిల్లలకని విడిగా నమూనా ఏదన్నా ఉందా అంటే, నా దగ్గర లేదాయె. ఇళ్లున్నాయి, ప్లాట్లున్నాయి, ఒక పాడిగేదెది ఉంది. గేదెది పెట్టమంటారా?" అన్నడు.

మా ఆయన సీరియస్‌గ ఆలోచించిండు మేడమ్! ఆలోచించి, "వద్దు, ప్లాటుదే ఉంచు, స్ట్రాంగ్ ఉంటది" అన్నడు.

ఇంకా ఉంది. పిల్లగానికి ఇరవై ఒకటి నిండేదాంక రూబీ ఈ దిక్కు రావద్దంట. నిండినంక "వివాహ విషయము ఆలోచించబడును" అంట. ఎవలు ఆలోచిస్తరో రాయలే.

ఏందీ... ఆ కుయ్ కుయ్ సప్పుడేంది అని కొట్టిండ్రా? ఏం లేదు మేడమ్, ఆటో బ్రేకు. పాత ఆటో.

నిన్న ఇరవై ఒకటో దినం. తొట్లెల ఏద్దామని పిలిస్తే రూబీ నమ్మి వచ్చింది పాపం, ఎర్ర చీర కట్టుకొని, తండ్రి ఆటోల. చుట్టాలకు ఏం చెప్పాల్నో తెల్వక "ఎరుకైనోళ్ల పిల్ల కొడుకు" అని చెప్పినం. వచ్చినోళ్లందరు తొట్లెలకు తొంగి చూసుడు, బాబు చెవులు చూసుడు, మల్ల మా ఆయన చెవులు చూసుడు. పోయి అన్నం తినుడు. మా పెద్ద తోడికోడలైతే నా ముంగటనే, "ఎరుకైనోళ్లే, మస్తు దగ్గరోళ్లు" అని ముసిముసి నవ్వుకుంట పోయింది.

బువ్వలైనంక మా ఆయన రూబీకి పెన్ను, కాగితం ఇచ్చిండు. "సంతకం పెట్టు బిడ్డా, నీ మంచికే" అన్నడు. ఆ పిల్ల నిలవడే చదివింది. చదువుకుంట నవ్వింది మేడమ్. కడుపు పట్టుకొని నవ్వింది, కుట్లు గుంజుతున్నయి అనుకుంట నవ్వింది. పారంపర్యముగా అన్న కాడ గోడకు ఆనుకున్నది.

తర్వాత నవ్వు ఆగింది. నా దిక్కు చూసింది.

"ఆంటీ, తూర్పున రోడ్డుంది. పడమర మీ ఇల్లుంది. ఉత్తరాన ప్లాటు, దక్షిణాన నీళ్ల ట్యాంకు. మరి నేను యాడున్న ఆంటీ?"

 మీరైతే ఏం చెప్తుంటిరి? నేను గ్లాసులు తీసుకపోయిన.

సంతకం పెట్టలే. ఫోన్ల ఫొటో కొట్టింది, గదే మీకొచ్చింది. వాళ్ల కాలేజీకి మీరొచ్చి క్లాసు చెప్పిండ్రంట గదా, మీ నంబరు దాచిపెట్టుకున్నది. పిల్ల హుషారే. మా ఆయనకేమో మొఖం ఎర్రగైంది. బాబు తొట్లెల ఉండంగనే మత్తయిని, రూబీని బయటికి పంపి గేటుకు తాళం ఏపిచ్చిండు. "సంతకం లేకుంటే ఏం? స్వాధీనం మనది. కేసు ఏసుకోనీ, ఇరవై ఏండ్లు నడుస్తది" అన్నడు.

"ఇరవై ఏండ్లకు వాడే పోయి కోర్టుల నిలవడతడు" అన్న నేను. ఇనలే.

ఇగ చూడుండ్రి మేడమ్, స్వాధీనం చూపెట్టాల్నంట! సైటు కాడికెళ్లి సున్నం పూసిన నాలుగు హద్దురాళ్లు తెప్పిచ్చిండు. హాల్ల తొట్లె సుట్టు నాలుగు మూలలకు పెట్టిచ్చిండు. నాకు కాలికి తాకి గోరు పోయింది. సైటు మీది కెమెరా తీసుకొచ్చి తొట్లె మీద బిగిచ్చిండు. గంతటితో ఆగిండా? ఒక బోర్డు! "ఈ బాబు వెంకటేశ్వర్లు గారికి చెందినవాడు. అతిక్రమించిన వారు శిక్షార్హులు." తొట్లె గొలుసుకు కట్టిండు మేడమ్! ఇంట్లందరు వాన్ని షెడ్యూలు, షెడ్యూలు అనే పిలవబట్టిరి. "షెడ్యూలు ఏడుస్తుండు." "షెడ్యూలు పోసుకున్నడు."

మీరు అప్పుడే ఫోన్ జేసిండ్రు. మీరు చెప్పినవన్నీ ఇన్న. చంటిపిల్లగాడు తల్లి దగ్గరనే ఉండాలె అన్నరు. సర్టిఫికెట్ల తండ్రి పేరు రాపిచ్చుడుకు పెండ్లి కాగితం అక్కర లేదు, పిల్లగాడు వచ్చి ఒప్పుకుంటె చాలన్నరు. పెండ్లి అయినా కాకున్నా సాదే బాధ్యత తండ్రికుంటదన్నరు. పిల్లలను గిట్ల కాగితం రాసి ఇచ్చుడు, తీసుకునుడు చెల్లదన్నరు. ఆడపిల్లకు వకీలు ఖర్చు గుడ లేదన్నరు. మా ఆయన అన్నీ ఇని మిమ్మల్ని ఏమడిగిండు? "పోనీ రిజిస్ట్రేషన్ చేపిస్తే చెల్లుతదా మేడమ్?"

మీ ఇద్దరి నడుమ నాకు సిగ్గైంది.

మా ప్రణీత్ ఏం చేస్తుండంటరా? పాపం వాడు తొట్లె పక్కకే కూసున్నడు. బాబు ఏడిస్తే వాడు గుడ ఏడుస్తుండు. "నాన్నా, వాళ్లను లోపలికి రానియ్యి" అంటే, "నీకు ఇరవై ఒకటి నిండలే, నువ్వు మాట్లాడకు" అన్నడు. మావోడు తల వంచుకొని, "మరి డైపర్ మార్చుడుకు ఎన్ని నిండాలె?" అన్నడు. అని, మార్చిండు మేడమ్. ఉల్టా పెట్టిండు గాని, మార్చిండు.

అసలు కథ పాల కాడ వచ్చింది. డబ్బాపాలు నోట్ల పెడితే ఫూ అని నా మొఖం మీద ఊసిండు. ఒక్కటే ఏడుపు. గా ఏడుపుకు మొగోళ్లందరు మిద్దె మీదికి పారిపోయిండ్రు. కిటికిలకెళ్లి చూస్తే గల్లీ మూల మత్తయి ఆటో అట్లనే ఉన్నది, పోలే. ఎనుక సీట్ల రూబీ.

నేనేం చేసిన్నో తెలుసా? శాలువ ఒకటి మడిచి తొట్లెల పండవెట్టిన, కెమెరాకు. బాబును కొంగుల కప్పుకొని బయల్దేరిన. మా ఆయన మిద్దె మీదికెళ్లి, "యాడికే?" అన్నడు. "పచ్చకామెర్లు రాకుండ ఎండ చూపియ్యాలె" అన్న. "పొద్దుగూకింది గదనే, గిప్పుడేం ఎండ?" "చంటిపిల్లలకు గిదే మంచి ఎండ. నీకేం ఎరుక?" అన్న.

ఆటోల కూసొని తాగిండు మేడమ్. ఏం తాగుడు! చెవులు గుడ కదులుతున్నయి.

రాత్రయితే రూబీనే ఎనుక దర్వాజ నుంచి తీసుకొచ్చి, బాబును, ఆమెను నా పక్కకు పండవెట్టుకున్న. మా ఆయన హాల్ల కుర్చీ ఏసుకొని, చేతిల టార్చ్ పట్టుకొని తెల్లారేదాంక తొట్లెకు కావలి ఉన్నడు. శాలువకు! ఒక్కసారి గుడ లోపలికి చూడలే మేడమ్. హద్దురాళ్లు చూసుకున్నడు, బోర్డు చూసుకున్నడు, బాబును చూడలే.

ఒక్క నిమిషం... ఫోన్ వస్తుంది... ఆయననే. ఉండుండ్రి, కట్ చేస్త.

ఆఁ. యాడున్న? పొద్దుగాల. ఇయాల మధ్యాహ్నమే కోర్టుకు రమ్మని మీ నోటీసొచ్చింది, పార్టీ పోయింది, చెప్పిన గదా. మా ఆయన అంగీ ఏసుకుంట, "సాంబమూర్తితోని ఇంకో కాగితం రాపిచ్చుకొస్త. మధ్యాహ్నం కోర్టుల నువ్వే సాక్షివి. పిల్ల తన ఇష్టంతోనే ఇచ్చిందని చెప్పు, చాలు" అన్నడు.

చాలు అన్నడు మేడమ్.

నేను గా ఇంటికి కోడలిగ వచ్చినప్పటి సంది ఎన్ని కాగితాలో! పొలాలు పోయినయి, ప్లాట్లు వచ్చినయి, ఇండ్లు లేసినయి. అన్నిట్ల నా పేరున్నది. కింద, మూలకు, సాక్షి అని రాసి ఉంటది చూడుండ్రి, గాడ. ఒక్కదాంట్ల గుడ పైన లేదు. నాకెప్పుడు గట్ల అనిపియ్యలే. నిన్న ఆ పిల్ల "నేను యాడున్న ఆంటీ" అన్నప్పటి సంది చెవుల్ల గదే మోగుతుంది. గ్లాసులు కడుగుతుంటే మోగుతుంది, పప్పు కడుగుతుంటే మోగుతుంది.

ఇగ చెప్త. బాబు నా దగ్గరున్నడు. కాదు కాదు, నా దగ్గర గాదు, వాళ్లమ్మ దగ్గరున్నడు. గీ ఆటోలనే, నా పక్కకు. ఇందాక కుయ్ మన్నది వాడే. బ్రేకు గాదు, అబద్ధం చెప్పిన, ఏమనుకోకుండ్రి.

ఆయన అటు పోంగనే రూబీని ఎనుక దర్వాజ నుంచి పంపి, ఇంట్లోళ్లకు "ఎండ చూపిచ్చుకొస్త" అని చెప్పి బాబుతోని వచ్చి ఆటో ఎక్కిన. మత్తయి అద్దంలకెళ్లి చూసి, "అమ్మా, యాడికి?" అన్నడు. "కోర్టుకు" అన్న. "మరి పటేలు?" "నువ్వు తోలు మత్తయ్యా, ఆయనకు తొట్లె ఉన్నది" అన్న. ఇప్పటిదాంక రింగ్ రోడ్డు మీద ఒక్క గుంత గుడ తాకనియ్యలే మేడమ్, గుడ్ల బండి తోలినట్టు తోలుతుండు. ఎనుక మా ప్రణీత్ స్కూటీ మీద వస్తుండు. హెల్మెట్ పెట్టిండు! నేను మూడేండ్ల సంది మొత్తుకున్న, పెట్టలే. ఇయాల ఎవ్వలు చెప్పకుండనే పెట్టిండు. వచ్చి మీ ముంగట సంతకం పెడతడంట, నేనే తండ్రిని అని. దానికి ఇరవై ఒకటి నిండే పని లేదన్నరు గదా? గట్టిగనే అన్నరు గదా?

ఇంకొక్కటి మేడమ్. నన్ను మంచిదాన్ని అనుకోకుండ్రి. రాత్రి వాడు నా చెయ్యి మీద పండుకుంటే, గా కాగితం నిజమైతే బాగుండు అనిపిచ్చింది. రూబీ అటు దిక్కు తిరిగి నిద్రపోతుంది. బాగుండు, వీడు మాకే ఉంటే బాగుండు అనుకున్న. ఇప్పుడు గుడ అనుకుంటున్న. మా ఆయనకు చెవులున్నయని వాడు కావాలె. నాకు ఉత్తగనే కావాలె.

ఇంటికి పోతే ఆయన ఏమంటడో తెల్వదు. గేటు తీస్తడో, బోర్డు మీద నా పేరు గుడ రాసి పెడతడో! రాసుకోనీ.

అగో, ఫ్లైఓవర్ దిగినం. మీ గేటు కనవడుతుంది. సాంబమూర్తి టేబుల్ గుడ కనవడుతుంది, మా ఆయన గాడనే నిలవడి ఉన్నడు, చేతిల కాగితం. చూసిండు. చూసిండు మేడమ్, ఉరికొస్తుండు. మత్తయ్యా, ఆపకు, లోపలికే పోనియ్యి!

మేడమ్, మీరు జర కిందికి దిగుండ్రి. ఇయాల మీరు మా రెండిండ్ల నడుమ కొత్త కాగితం రాస్తరంట గదా. తూర్పున రూబీని రాయుండ్రి. మావోన్ని యాడ రాయాల్నో ఆ పిల్లనే అడుగుండ్రి. ఆదివారం ఆదివారం చూసిపోతందుకు, ఏదో ఒక దిక్కున, నీళ్ల ట్యాంకు పక్కకైనా సరే, నన్ను గుడ రాయుండ్రి.

సాక్షి కాడ మాత్రం వద్దు మేడమ్. గాడ రాసీ రాసీ పానం ఇసిగింది.